అగ్గిపుల్లలకు నేనంటే పడదు

నేను ఒక నిప్పురవ్వల గూఢచారిని. అసలు పేరు ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్. మీటరు పక్కన పెట్టెలో, మామూలు బ్రేకర్ల వరసలో కాస్త లావుగా కనిపించేది నేనే. మా అన్నయ్య ఎంసీబీ ఉన్నాడే, కరెంటు మోతాదు మించితేనే పడతాడు. వదులు తీగ దగ్గర చిటపటమని రవ్వలు లేస్తే మోతాదు మించదు కదా, ఆయన హాయిగా గుర్రుపెడతాడు. అప్పుడు టక్కున పడి ఇంటికంతా కరెంటు ఆపేది నేను. అదండీ మన గొప్ప!

ఫ్యాక్టరీలో నాకు అక్షరాభ్యాసమే రవ్వలతో చేయించారు. స్విచ్చి వేసినప్పుడు లేచే రవ్వను పోనివ్వాలి, తెగిన తీగ రవ్వను మాత్రం వదలకూడదు. చదువైతే అబ్బింది కానీ తణుకులో కొట్టు చేరాక ఉద్యోగం దొరకలేదు. "మనిళ్లకి ఇయ్యెందుకండీ?" అని అమ్మే ఆయనే నవ్వేవాడు. అమ్మేవాడే నవ్వితే కొనేదెవరు? చివరికి తమ వీధిలో టైలరు కొట్టు కాలిపోయిన మర్నాడు, హైమ చంకలో పసివాడితో వచ్చి నన్ను కొనుక్కుపోయింది. అబ్బ, నా సంబరం చూడాలి!

అది తెల్లారేదాకానే. హైమ మామగారు కామేశంగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. చొక్కా మడత నలిగితే గుమ్మం దిగరు. ఆయన ఇస్త్రీపెట్టెకు ప్లగ్గు ఎప్పుడో పగిలింది. కొత్తది వేయిస్తారా? అబ్బే! వెనకగదిలో, మనవడి చీర ఉయ్యాల పక్కనున్న సాకెట్టులో వట్టి తీగలు దూర్చి, అగ్గిపుల్లలు బిగిస్తారు. చేతి మడత పూర్తికాకుండానే చిటపట. నేను పడ్డాను.

"పిరికిదాన్ని తెచ్చి పెట్టావేంటమ్మా!" అని ఆయన గొణిగారు.

"అది పుల్లల మీద అలుగుతోంది మావయ్యగారూ. ప్లగ్గు మార్పిద్దామండీ. పక్కనే బాబు పడుకుంటాడు."

"మా నాన్నగారి నాటి నుంచీ పుల్లలేనమ్మా. ఇల్లేవన్నా కాలిందా?"

బాబు అన్నప్రాసన నాడు మరీ విడ్డూరం. ఇంటినిండా చుట్టాలు, అందరికీ అప్పుడే ఇస్త్రీ కావాలి. నేను పడటం, వాళ్లు లేపడం, మళ్లీ పడటం. కామేశంగారికి ఒళ్లు మండి ఎలక్ట్రీషియను జోగారావును పిలిపించారు. హైమ వద్దంటూనే ఉంది, ఆ గోలలో ఎవరు వింటారు? జోగారావు నన్ను ఊడదీసి, తీగలు నేరుగా కలిపేసి, నన్ను వెనకగది కిటికీలో పెట్టి టిఫినుకు కూర్చున్నాడు.

కామేశంగారు పట్టు ఉత్తరీయం ఇస్త్రీ చేస్తుండగా పంతులుగారు వచ్చారని కేక. పెట్టె అలాగే వదిలి పరుగెత్తారు. సాకెట్టులో పుల్ల ఎర్రబడింది, భగ్గుమంది. మంట ఉయ్యాల చీర అంచును అందుకుంది. లోపల బాబు నిద్రపోతున్నాడు. అరుద్దామంటే నాకు నోరేదీ? నా ప్రాణం విలవిల్లాడిపోయింది.

బాబును తీసుకెళ్లడానికి అప్పుడే వచ్చింది హైమ! బిడ్డను లాక్కుని, "మెయిన్ ఆపండీ!" అని అరిచిన అరుపుకు జోగారావు ఇడ్లీ వదిలేసి దూకాడు. మెయిన్ ఆగింది. కామేశంగారు చేతికందిన మజ్జిగ బకెట్టు ఎత్తి గుమ్మరించారు. మంటా ఆరింది, పట్టుబట్టలూ తడిశాయి. ఆయన మీసానికి కరివేపాకు వేలాడింది. బాబు బుగ్గ మీద పడ్డ మజ్జిగ చప్పరించి కిలకిలా నవ్వాడు. పరమాన్నం కన్నా ముందే వాడి అన్నప్రాసన అయిపోయింది!

కామేశంగారు కిటికీలోంచి నన్ను తీసి, ఉత్తరీయం పొడి అంచుతో తుడిచి జోగారావుకిచ్చారు. "ముందు దీన్ని పెట్టు. ముహూర్తం ఆగుద్ది."

మర్నాడే కొత్త ప్లగ్గు వచ్చింది. నాకిక పనే లేదు. నిన్న మాత్రం, చుట్టపుచూపుగా వచ్చిన ఆయన బావమరిది నీళ్లు కాచుకునే కాయిలు వైర్లు పుల్లలతో దూర్చాడు. పడ్డాను. అలవాటుగా తిట్లకు సిద్ధమయ్యాను.

కామేశంగారు నా దగ్గరికొచ్చి, నెమ్మదిగా అన్నారు.

"ఆడు ఆ పుల్లలు తీసేదాకా లేవకు నాయనా."