నవ్వు తీసేసిన డిస్కు

పాత జాజ్ పియానో అంటే తమ్ముడు చెవి కోసుకుంటాడు. ముందుగది గోడ పొడవునా అరలు, అరల నిండా సీడీలు. ఎప్పుడో నల్ల రికార్డులుగా వచ్చి మాయమైపోయిన ఆల్బమ్‌లను కంపెనీలు సీడీలుగా మళ్లీ వేస్తుంటాయి. వేసినదాన్నే గరగరలు తీసేసి ఇంకోసారి వేస్తాయి. వేసినప్పుడల్లా అతను కొంటాడు. పాతదీ కొత్తదీ మార్చి మార్చి వింటాడు. ఏది మెరుగో తేలాక రెండోదాన్ని ఇంట్లో ఉంచడు.

అతను పనిచేసి రిటైరైంది ప్రింటింగ్ ప్రెస్‌లో. ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. పెళ్లి శుభలేఖలో కూడా తప్పులు దిద్ది తిప్పి పంపుతాడని పిల్లనిచ్చేవాళ్లు భయపడ్డారని అన్న అందరితో చెప్పేవాడు.

అన్న అతని దగ్గరే ఉంటున్నాడు. పెద్ద హోటల్లో వెయిటరుగా చేరి అదే హోటల్లో హెడ్ వెయిటరుగా దిగిపోయిన మనిషి. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కుకు గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం. "ఇక ఆస్పత్రి చుట్టూ తిప్పకండి, ఇంట్లోనే ఉండనివ్వండి" అని డాక్టరు చెప్పేశాడు. ఆ మాటకు అర్థం ఏమిటో తమ్ముడు అడగలేదు. అన్నే అడిగాడు. డాక్టరు జవాబు చెప్పకుండా యంత్రం ఎలా తుడవాలో చెప్పి వెళ్లాడు.

అన్నకు పాటల పిచ్చి లేదు. కానీ ఒక్క డిస్కు మాత్రం అడిగి పెట్టించుకునేవాడు. అతను పనిచేసిన హోటల్ హాల్లోనే, అతను కుర్రవాడిగా ఉన్న రోజుల్లో, ఒక పియానో ఆయన వచ్చి కచేరీ చేశాడు. దాన్ని అక్కడికక్కడే రికార్డు చేశారు. ఆదివారం భోజనాలయ్యాక అన్న గోడకు చేరగిలబడి, "ఒరేయ్ ప్రొఫెసరూ, మా హోటల్ ప్లేటు పెట్టరా" అనేవాడు.

ఈ వయసులోనైనా అన్నకు రుచి తెలిసిందని తమ్ముడు పొంగిపోయేవాడు.

"ఇక్కడ ఎడమ చెయ్యి గమనించన్నయ్యా."

"గమనిస్తాలే. ముందు నువ్వు నోరు మూసుకుంటే."

అన్న చివరిదాకా విని, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండేవాడు. తర్వాత "సరే, కట్టెయ్" అనేవాడు.

ఆ డిస్కులో ఒక లోపం ఉంది. చివరి పాట ముగిసి ఆఖరి స్వరం ఇంకా గాలిలో ఉండగానే, చప్పట్లకు ముందు, ఎవరో ఒకామె నవ్వుతుంది. నల్ల రికార్డులో అది లేదు. చోటు చాలక నవ్వుకు ముందే కోసేశారు. మొదటిసారి సీడీగా వేసిన కంపెనీ టేపును ఆఖరిదాకా ఎక్కించింది, నవ్వు కూడా వచ్చి కూర్చుంది. తమ్ముడికి అది పంటి కింద రాయిలా ఉండేది. అంత మంచి కచేరీ అలా పాడైందని బాధపడేవాడు. దాని కోసమే పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పి విన్నాడు. నవ్వు ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, మధ్యలో ఏమవుతుంది, అన్నీ వివరంగా కంపెనీకి రాశాడు. ఊరుకోలేదు. తనలాంటి సేకర్తలు ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అందులో దానికి 'నవ్వుల ఎడిషన్' అని పేరు పెట్టి, ఎవరూ కొనొద్దని ప్రచారం చేశాడు. పేరు నిలబడిపోయింది.

కంపెనీ విన్నది. కొత్త ఎడిషన్ వచ్చింది. లోపలి పుస్తకం చివరి పేజీలో, లోపాన్ని తెలియజేసిన శ్రోతకు కృతజ్ఞతలు అని అతని పేరు అచ్చయింది. జన్మలో ఇతరుల పేర్లలో తప్పులు దిద్దడమే గాని తన పేరు అచ్చులో చూసుకోవడం అతనికి అదే మొదలు. పాత డిస్కు పట్టుకెళ్లి సెకండ్‌హ్యాండ్ షాపులో ఇచ్చేశాడు.

అన్న అప్పుడు నెలల తరబడి ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం అతనికి ముందు పుస్తకం చూపించాడు. అన్న కళ్లద్దాలు పెట్టుకుని పేరు చదివాడు.

"నీ పేరేనా? ఏం ఘనకార్యం చేశావని?"

"విను, నీకే తెలుస్తుంది."

డిస్కు మొదటినుంచీ ఆడింది. అన్న ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు. చివరి పాట ముగిసింది. ఆఖరి స్వరం సన్నగిల్లింది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత చప్పట్లు. అవీ ఆగిపోయాయి. అన్న కళ్లు తెరవలేదు. ఇంకా దేనికోసమో చూస్తున్నట్టు తల ఒక పక్కకు వంచి కూర్చున్నాడు.

"అయిపోయిందన్నయ్యా."

"ఏదీ?"

"ఏది ఏదీ?"

"మీ వదిన."

తమ్ముడికి అర్థం కాలేదు. మందుల వల్ల మాట తడబడుతోందేమో అనుకుని నీళ్ల గ్లాసు అందించాడు. అన్న గ్లాసు పక్కకు తోసేశాడు.

"నవ్వేది మీ వదినేరా."

ఊపిరి అందక ఆగుతూ ఆగుతూ చెప్పాడు. రికార్డింగ్ అని వెయిటర్లందరి చేతా జోళ్లు విప్పించారు. పాట నడుస్తుండగా గ్లాసు చప్పుడు వినబడితే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు బెదిరించాడు. చివరి పాట మొదలయ్యేసరికి అన్న ట్రే నిండా గ్లాసులతో హాలు మధ్యలో ఉన్నాడు. ఒక కాలు ఎత్తి ఉన్నాడు. దించితే గ్లాసులు మోగుతాయని దించలేదు. పాట అయ్యేదాకా కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాడు. వచ్చినవాళ్ల కోట్లూ గొడుగులూ దాచే కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి అదంతా చూస్తూ ఉంది. ఆఖరి స్వరం దాకా నోరు నొక్కుకుంది. ఇక ఆపుకోలేకపోయింది.

"నన్ను చూసే నవ్వింది. దానికే ఆమె ఉద్యోగం పోయింది. నేను వెళ్లి క్షమాపణ అడిగాను. అలా మొదలైంది."

వదినను తమ్ముడు చూసింది పెళ్లిలోనూ, తర్వాత ఒక సెలవుల్లోనూ. అప్పుడతను హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లవాడు. మొదటి కాన్పులో బిడ్డ పోయింది, రెండోదాన్లో బిడ్డతో పాటు ఆమే పోయింది. ఫోటోలు ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే దాన్ని కూడా ముందుకీ వెనక్కీ తిప్పి వింటావని."

తమ్ముడు కొత్త డిస్కును ప్లేయరులోంచి తీశాడు.

"ఆ పాతది తీసి పెట్టరా" అన్నాడు అన్న. అది ఇంట్లో లేదన్న ఆలోచనే అతనికి రాలేదు. "వెతికి పెడతాను, అరలో ఎక్కడో ఉంటుంది" అని తమ్ముడు అబద్ధం ఆడాడు.

మర్నాడు షాపు తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాడు. షాపతను తాళంచెవి ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"ఆ హోటల్ కచేరీ డిస్కు ఇచ్చాను చూడండి, అది మళ్లీ కావాలి."

"నవ్వుల ఎడిషనా? చెత్త అని ఇచ్చింది మీరే కదండీ. ఇంకెవరికీ అమ్మొద్దు, పాపం తగులుతుందని కూడా అన్నారు."

"అన్నాను. ఇప్పుడు కావాలి."

"మీ మాట మీద పక్కన పడేశానండీ. చూద్దాం లెండి. మీకు తెలిసిన వాళ్లెవరి దగ్గరా లేదా?"

తెలిసిన వాళ్లందరినీ అతను ముందు రోజే గ్రూపులో అడిగాడు. జవాబులు వచ్చాయి. 'మీరు చెప్పారనే పడేశాను మాస్టారూ' అని ఒకరు. 'కొత్తది రాగానే మార్చేసుకున్నాం, మీ పుణ్యమే' అని ఇంకొకరు. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లు కొందరు. పొద్దున్నే కంపెనీకి ఫోను చేస్తే, పాత ఎడిషన్ కాపీ తమ దగ్గర లేదనీ, టేపు అసలు యజమాని ఇంటికి తిరిగి పంపేశామనీ, ఆ ఇల్లు వరదలో మునిగిందనీ చెప్పారు. డిస్కుల్లోంచి కంప్యూటర్లోకి కాపీ తీసుకోవడం అతని దృష్టిలో దొంగతనం. అందుకే ఇంట్లో కాపీ కూడా లేదు.

షాపతను వెనకగదిలోకి వెళ్లి వెతికి, ఉత్త చేతులతో వచ్చాడు. ఏదో గుర్తొచ్చి నుదురు కొట్టుకున్నాడు.

"మా బాల్కనీలో చూడాలండీ."

"బాల్కనీలోనా?"

"పావురాలు. చచ్చిపోతున్నాం వాటితో. అమ్ముడుపోని డిస్కులు వరసగా వేలాడదీసింది మా ఆవిడ. మెరుపుకు బెదిరి రావట."

షాపు మీదనే ఇల్లు. మెట్లెక్కి వెళ్లారు. గ్రిల్లుకు దారాలు కట్టి డిస్కులు వేలాడదీసి ఉన్నాయి. గాలికి తిరుగుతూ ఇనుప ఊచలకు తగిలి టకటకమంటున్నాయి. వాటి మధ్య ఒక పావురం తాపీగా కూర్చుని ఉంది. తమ్ముడు ఒక్కొక్క డిస్కూ పట్టుకుని చూశాడు. ఎండకు అక్షరాలు వెలిసిపోయినా ఆ డిస్కును గుర్తుపట్టాడు. ప్రాణం లేచొచ్చింది. ముడి బిగుసుకుపోయి దారం ఊడి రాలేదు. షాపతని భార్య కత్తెర తెచ్చి కోసింది.

వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. మధ్యభాగం బాగానే ఉంది. అంచు చుట్టూ వెండిపూత పెచ్చులూడిపోయింది, అవతలి గోడ కనిపిస్తోంది. సీడీ లోపలి నుంచి బయటికి ఆడుతుందని అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. మొదటి పాట మధ్యలో ఉంటుంది. ఆఖరిది అంచున ఉంటుంది.

"ఆడుతుందంటారా?" అన్నాడు షాపతను.

"ఆడుతుంది" అన్నాడు తమ్ముడు. "చాలావరకు."

ఇంటికి తెచ్చి, కడిగి, మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు తుడిచాడు. అన్న మంచం మీద లేచి కూర్చుంటానన్నాడు. తమ్ముడు వీపు వెనక దిండ్లు పెట్టాడు. ఆదివారం కాదు, అయినా అన్న గడ్డం గీయించుకున్నాడు.

పాటలు ఒకదాని తర్వాత ఒకటి సవ్యంగా ఆడాయి. తమ్ముడు ఈసారి ఎడమ చేతి గురించి ఏమీ మాట్లాడలేదు. చివరి పాట మొదలైంది. కాసేపటికి ఒక స్వరం దగ్గర చిక్కుకుంది. దాన్నే కొట్టింది, మళ్లీ కొట్టింది. దాటి కొంచెం ముందుకు దూకింది. గరగరమంది. ప్లేయరు డిస్కును తిప్పి తిప్పి, వెతికి వెతికి, తనే ఆగిపోయింది. గదిలో ఆక్సిజన్ యంత్రం చప్పుడు మిగిలింది.

తమ్ముడు మళ్లీ పెట్టాడు. అక్కడే ఆగింది. ఇంకోసారి పెట్టబోతుంటే అన్న చెయ్యి ఊపాడు.

"వదిలెయ్. అలిసిపోయింది."

"అన్నయ్యా, ఆ నవ్వు తీసేయించింది నేనే."

"తెలుసు. పుస్తకంలో నీ పేరు చూపించావుగా. చదువు రాదా నాకు?"

తమ్ముడు మంచం అంచున కూర్చున్నాడు. అన్న అతని వైపు చూడకుండా అరల వైపు చూశాడు.

"ఇన్ని ఉన్నాయి" అన్నాడు. "అదొక్కటే నీకు అడ్డమైందా?"

అన్న ఊపిరి కూడదీసుకున్నాడు.

"కంపెనీకి రాశావుగా. ఏమని రాశావు?"

"వద్దన్నయ్యా."

"తప్పు పట్టినవాడివి, నీకు గుర్తుండదా? నాకు చెదిరిపోతోందిరా. ఎక్కడ మొదలయ్యేదో కూడా తెలియడం లేదు. చెప్పు."

తమ్ముడు రాసింది రాసినట్టే చెప్పాడు. అతనికి ఇంకోలా చెప్పడం రాదు.

"ఆఖరి స్వరం పూర్తిగా ఆరకముందే మొదలవుతుంది. ముందు ముక్కుతో. ఆపుకోబోయినట్టు. తర్వాత నోరు తెరుచుకుంటుంది. గొంతు పైకి పోతుంది. మధ్యలో ఊపిరి కోసం ఆగి, ఆ ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతుంది. మళ్లీ అందుకుంటుంది. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంటుంది. చివర్లో వెక్కిళ్లలా తెగుతుంది. ఆ తర్వాత చప్పట్లు."

తాను దాన్ని అనవసర శబ్దం అని రాసిన సంగతి మాత్రం చెప్పలేదు.

అన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. తల ఒక పక్కకు వంచి ఉన్నాడు.

"చప్పట్లు వద్దు" అన్నాడు. "మళ్లీ మొదట్నించి చెప్పు."

మళ్లీ చెప్పాడు. మర్నాడూ చెప్పాడు. ఆ తర్వాత అన్న అడిగినప్పుడల్లా చెప్పాడు. అన్నకు అడిగే ఓపిక పోయాక, అడగకుండానే చెప్పాడు. ఆఖరి రోజు మంచం పక్కన కూర్చుని, యంత్రం మీద చెయ్యి వేసుకుని, 'ముందు ముక్కుతో' అనే మాట దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. అన్న వింటున్నాడో లేదో తెలియలేదు. వెక్కిళ్ల దాకా చెప్పి, చప్పట్లకు ముందు ఆపేశాడు.