కుదురులేని మోకాలు

చల్లటి ద్రవాన్ని పాత్రలోకి వంచుతున్నప్పుడు కూడా ఆయన కుడి మోకాలు ఆడుతూనే ఉంది. నేలమాళిగలోని ఆ ప్రయోగశాల గదికి అందరూ చెప్పులు బయటే విడిచి వస్తారు. స్ఫటికం దాటి వచ్చే కిరణాల లెక్కింపు మొదలయ్యాక అదురు తగలకూడదని ఎవరూ కదలరు. మట్టం తగ్గితే మళ్లీ పోయాలి గనక ఆయనా లోపలే కూర్చోవాలి. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ అదే ఉద్యోగం, అదే కుర్చీ, అదే ఊపు.

పాత్రలోని స్ఫటికానికి ఎందుకింత చలి అని అడిగితే పరిశోధకురాలు ఒకసారి విడమర్చింది.

"ఒంటరి కేంద్రకం కిరణాన్ని వదిలితే వెనక్కి తూలిపోతుంది బాబాయ్. స్ఫటికంలో ఇమిడి ఉంటే ఆ తన్నును స్ఫటికమంతా పంచుకుంటుంది. వేడికి పరమాణువులు వణుకుతుంటే మాత్రం ఆ పొత్తు కుదరదు."

"అదృష్టవంతురాలమ్మా నీ కేంద్రకం. మా ఇంట్లో రాత్రిళ్లు ఈ కాలి తన్నులన్నీ మా ఆవిడ ఒక్కతే కాస్తుంది."

ఆ మోకాలి అదురు నేల పట్టుకుని పాకి, పరికరాన్ని కదిపి, తెర మీద కిరణాల లెక్క చూపే గీతను చెదరగొడుతోందని మొన్న తేలింది. ఇవాళ కూడా చెదిరితే రేపట్నుంచి గేటు దగ్గర కూర్చోమన్నాడు పై అధికారి. ఆ మాట ఇంట్లో చెప్పాడు. పాత దుప్పటి మడతలు పెట్టి, కాలికింద వేసుకోవడానికి మెత్త కుట్టి ఇచ్చింది భార్య.

"గేటు దగ్గరికి పంపితే పంపనీ. పగలంతా అక్కడే ఊపుకుని వస్తే రాత్రి నా మంచమైనా నిలుస్తుంది" అంది. అంటూనే దారం రెండు పేటలు చేసింది.

ఆ మెత్త మీద మడమ ఆనించి కూర్చున్నాడు. లెక్కింపు మొదలైంది. మోకాలిని రెండు చేతులా అదిమాడు. అది ఆగితే వేళ్లు ఆడాయి, వేళ్లు ఆగితే దవడ. ఇంతలో మెట్లెక్కుతున్నప్పుడల్లా వచ్చే గుండె నొప్పి కూర్చున్నచోటే వచ్చింది. ఎడమ చెయ్యి లాగుతోంది. లేచి బయటికి వెళ్దామనుకున్నాడు. లేస్తే గీత పోతుంది, గీతతో ఈ కుర్చీ పోతుంది. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ కళ్లు మూసుకున్నాడు.

తెర మీద గీత సన్నగా, సూటిగా లోయలా కిందికి దిగింది. పరిశోధకురాలు అంత శుభ్రమైన గీతను ఎన్నడూ చూడలేదు.

"బాబాయ్, నీ కుర్చీకి ఢోకా లేదు" అంది వెనక్కి తిరక్కుండానే.

గీత చూపిద్దామని తిరిగి చూసింది. మోకాలు కదలడం లేదు.

చీకటి పడకముందే ఆయన్ను తీసుకెళ్లారు. పాత్రలో మట్టం తగ్గుతోంది, పోసేవాళ్లు లేరు. కుర్చీ కింద దుప్పటి మెత్త మీద మడమ దిగిన గుంట ఇంకా పూడలేదు.