తొమ్మిది బొట్టుబిళ్ళలు

దేవ్యా చార్టు కాగితం మీద ఎనిమిదో బొట్టుబిళ్ళ అంటించాడు. నర్సింహులపేట పక్కనున్న తమ తండాలో ప్రతి ఇల్లూ పెన్సిలుతో గీసుకున్నాడు. నీళ్ళ పైపు నీలం, మురికికాలువ నలుపు. రెండేళ్ళ కిందటి వానల్లో వాంతులు, విరేచనాలతో మనిషి పోయిన ఇంటికల్లా ఒక ఎర్రబిళ్ళ. తొమ్మిదోది తన ఇంటి మీద అంటించాడు. ఆ బిళ్ళల అట్ట చనిపోయిన కూతురు లాలిది.

ముప్పై ఏళ్ళుగా అతను మలేరియా వర్కరు. జ్వరమొచ్చినవాళ్ళ వేలు పొడిచి రక్తం తీయడమే పని. ఒకసారి వరంగల్ శిక్షణలో డాక్టరమ్మ పాత లండన్ పటం చూపించింది. కలరా చావులను ఇంటింటికీ నల్లగీతలుగా గుర్తుపెడితే, అవన్నీ ఒక బోరింగు చుట్టే పోగుపడ్డాయట. దాని పిడి ఊడదీయించారట.

తండా బిళ్ళలన్నీ, పగుళ్ళిచ్చిన పాత పైపు కాలువను దాటిన చోటికి దిగువనే ఉన్నాయి. ఆ కాలువలోకి పాయిఖానా గుంత వదిలింది ఊరి పటేలు జగన్మోహన్. కొత్త పైపు తన చెలక భూమిలోంచి పోనివ్వనన్నదీ అతనే. సర్కారు కాగితాల్లో మాత్రం తొమ్మిదిమందీ 'బలహీనత'తో పోయారు. జగన్మోహన్ మొహం నలుగురిలో నల్లబడటం చూడాలని దేవ్యా కాచుకున్నాడు.

"ఎండల యాడికి? పానం బాగలేదంటివి," అంది భార్య చంద్రి.

"లాలి పని మీద."

తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో బస్సుల్లేవు. సైకిలు తొక్కి తొర్రూరు చేరేసరికి ఎడమ చెయ్యి లాగుతోంది. సమ్మె దీక్షా శిబిరంలో ముందువరసలో, మెడలో దండతో జగన్మోహన్. దేవ్యా అతని వెనక షామియానా గుడ్డకు పటం వేలాడదీశాడు. జనం లేచి వచ్చారు.

"ఏందిరా గిది?"

"నువ్వు సంపినోళ్ళ ఇండ్లు, పటేలా."

"నీళ్ళతోని సచ్చిన్రని ఎవడు జెప్పిండు?"

దేవ్యా సంచిలోంచి సీసా తీసి, గ్లాసు నింపి, అతని ముందు బల్ల మీద పెట్టాడు.

"మా తండా నల్లా నీళ్ళు. జర తాగు."

శిబిరంలో ఉద్యమ పాట ఆగిపోయింది. జగన్మోహన్ చెయ్యి లేవలేదు. ఒక ముసలామె "తాగు పటేలా" అంది. తర్వాత శిబిరమంతా అంది. అతను దండ తీసి కుర్చీలో పడేసి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. కనుమరుగయ్యేదాకా దేవ్యా ఆ వీపునే చూశాడు. కడుపులో మంట చల్లబడింది.

"పైపు మారేదాంక గీ పటం దించం," అన్నాడు శిబిరం నడిపే మాస్టారు.

దేవ్యా గుంజకు ఆనుకుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మాస్టారు వచ్చి భుజం తడితే, పక్కకు ఒరిగిపోయాడు. ఊపిరి లేదు.

బల్ల మీద గ్లాసు నిండుగానే ఉంది.