కడుపుకు వినబడిన పాట

పెళ్లినుంచి తిరిగొచ్చిన హారన్ స్పీకర్ల నోళ్లలో నల్లరేగడి దుమ్ము పేరుకుని ఉంటుంది. తడిగుడ్డతో దాన్ని తుడవడం నా పని. వైర్లు చుట్టడం, తెగినచోట సోల్డరింగ్ పెట్టడం, క్యాసెట్ డెక్కు శుభ్రం చేయడం కూడా నా పనే. కోవిల్‌పట్టిలో మా సౌండ్ సర్వీసుకు వచ్చినవాళ్లు ఎవరైనా "మీ ఇంటామె ఏం చేస్తాది?" అని అడిగితే మా ఆయన సోలైమలై "సుమ్మా ఇంట్లో ఉండాది" అనేవాడు, నేను ఊరికే కూచుంటున్నట్టు. ఒకసారి ఒట్టపిడారం పెళ్లిలో మైకు పనిచేస్తోందో లేదోనని "హలో" అన్నాను. అందరి ముందూ చేతిలోంచి లాక్కున్నాడు. "ఆడదాని గొంతు ఊరంతా ఎందుకు వినాల?" ఆ తరువాత మా గోడౌన్‌లో అన్ని స్పీకర్ల మధ్య చప్పుడు లేనిదాన్ని నేనొక్కదాన్నే.

రెండువేల ఒకటో సంవత్సరం. ఆయన మేనకోడలు ప్రియా విరుదునగర్‌లో ఇంజనీరింగ్ చదివేది. సెలవులకు వచ్చి నా చేతిలో ఒక క్యాసెట్ పెట్టింది.

"హాస్టల్‌లో ఫ్రెండు సీడీలోంచి ఎక్కించి ఇచ్చె అత్తా. ట్రిప్-హాప్ అంటారు ఈ మాదిరి పాటల్ని. డబ్ కలిసిండాది. అంటే, పాటలోంచి ఒకొకటే తీసేసి, మిగిలినదాన్ని ఎకోలో ఇడిసిపెడతారు. నా చిన్న టేపులో బాస్, ఆ కింది గుమ్‌మనే మోత, రాదు. నువ్వు పెద్ద బాక్స్‌లో పెట్టి విను."

మా ఆయన తిరుచ్చులి ఫంక్షన్‌కు వెళ్లిన మధ్యాహ్నం ఇంటి పక్క గోడౌన్‌లో దాన్ని డెక్కులో పెట్టాను. మొదట గీతలు పడ్డ రికార్డులా చిటపటమని చప్పుడు. వైరు లూజయిందనుకుని వంగి చూశాను. వైరు బాగానే ఉంది. అంతలో డ్రమ్ము మొదలైంది. ఎంత నిదానం! ఎవరికీ ఎక్కడికీ పోవాల్సిన అవసరం లేనట్టు. దాని కిందినుంచి బాస్ వచ్చింది. బల్లమీది మరలు వణికాయి. నా అరికాళ్ల కింద నేల కూడా. ఒక ఆడగొంతు ఏదో ఒక మాట అంది. భాష నాకు తెలియదు. ఆ మాట కొస మాత్రం దూరం దూరంగా పోతూనే ఉంది, పెద్ద బావిలో వేసిన రాయిలా. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి. గొంతు లేదు, బాస్ లేదు. ఒక్క డ్రమ్ము దెబ్బ మాత్రం తన నీడను తాను వెంబడిస్తూ పోయింది. ఎకో అంటే పెళ్లికొడుకు పేరును నాలుగుసార్లు అరిపించడానికే అనుకున్నాను ఇన్నేళ్లూ. ఖాళీని కూడా వాయించవచ్చని, తీసేసినవే ఎక్కువ వినిపిస్తాయని ఎవరు చెప్పారు నాకు? చేతిలో తడిగుడ్డతో నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

అప్పుడే మా అత్త ఇసక్కియమ్మాళ్ వాకిట్లోంచి అరుస్తూ వచ్చింది. "బియ్యం నానేసినావా లేదా పిళ్ళా!" ఆమెకు చెవులు వినబడవు. వయసులో ఉండగా నూలుమిల్లు మిషన్ల మధ్య పనిచేసి చేసి పోయాయి. అందుకే ఆమె అరుస్తుంది, అందుకే ఆమెతో ఎవరూ మాట్లాడరు.

గడప దాటగానే ఆగిపోయింది. కాళ్లవైపు చూసుకుంది. మెల్లగా వచ్చి స్పీకర్ బాక్సుమీద రెండు అరచేతులూ ఆనించింది. తరువాత చెంప ఆనించింది. నేను భయపడి వాల్యూమ్ తగ్గించాను.

"తగ్గించొద్దు!" అంది. "వినిపిస్తా ఉండాది పిళ్ళా. చెవిలో కాదు, ఈడ." కడుపుమీద చెయ్యి పెట్టుకుంది. "నా కొడుకు మైకు కట్టిన పెండ్లిండ్లు ఎన్నిటికో పోతిని. ఒక పాటా నా కాడికి రాలేదు."

తగ్గించిన వాల్యూమ్‌ను తిరిగి పెంచాను. బాస్‌ను ఇంకాస్త పెంచాను. ఇద్దరం నేలమీద కూచుని బాక్సుకు వీపులు ఆనించాము. ఆ తెలియని దేశపు ఆడమనిషి పాడుతోంది. మా వెన్నెముకలు వింటున్నాయి. అత్త తల నెమ్మదిగా ఊగుతోంది, సరిగ్గా తాళానికి.

అనుకున్నదానికంటే ముందే మా ఆయన వచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "ఏంది ఈ సత్తం? సావు ఇంట్లో మాదిరి! ఆపు. ఆకలిగా ఉండాది, సోరు పెట్టు" అంటూ డెక్కువైపు చెయ్యి చాచాడు.

లేచి అడ్డం నిలబడ్డాను. నా గొంతు వణుకుతుందనుకున్నాను. వణకలేదు.

"సోరు కుండలో ఉండాది మామా. కొళంబు చట్టి పొయ్యి పక్కన. పెట్టుకుని తిను. మీ అమ్మ పాట వింటా ఉండాది."

"ఆమెకు చెవుడు కదా!" అన్నాడు. తల్లివైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుని ఊగుతోంది. చాచిన చెయ్యి మెల్లగా దించాడు.

"నేనూ వింటా ఉండా" అన్నాను.