ఒడ్డున పిలిచే పేరు

వేటకు వెళ్ళిన బోటు దూరాన కనబడగానే ఒడ్డున ఎవరో ఒక ఆడమనిషి దాని పేరు పెట్టి గట్టిగా కేకేస్తుంది. ఆ కేక వినగానే ఆ ఇంటామె చేతిలో పని వదిలేసి గంప పట్టుకుని పరుగెడుతుంది. తిరిగిరాని బోటు పేరు మాత్రం ఆ పేటలో ఇక ఎవరూ పలకరు. ఎల్లారావు తుఫానులో బోటుతో సహా పోయాక, అతని భార్య పోతమ్మ ముందు ఎవరూ 'జిలోమా' అనలేదు.

ఆ మాట నిజానికి కూతురు సాయిదుర్గది. ఇంకా మాటలు రాని వయసులో, తండ్రి వల భుజాన వేసుకుని బయల్దేరితే చెయ్యి ఊపుతూ "జిలోమా, జిలోమా" అనేదట. అదేమిటో ఎవరికీ తెలియదు. ఎల్లారావు మురిసిపోయి దాన్నే బోటు మీద రాయించాడు.

అన్న మోహన్ మల్కాపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేవాడు. మంచి పేరు చూసి, దానికి డాట్ కామ్ తగిలించి, తన పేరున రిజిస్టరు చేసుకుంటే కావలసినవాళ్ళు కొనుక్కుంటారని అక్కడే తెలుసుకున్నాడు. వైజాగ్ ఫిష్, స్టీల్ సిటీ షాపింగ్ అంటూ కొన్ని తీసుకున్నాడు. వాటిని అడిగిన నాథుడు లేడు. జిలోమాను మాత్రం తీసుకున్నది అమ్మడానికి కాదు. అందులో తండ్రి ఫొటో పెట్టుకున్నాడు. సెలవురోజున చెల్లెల్ని తీసుకెళ్ళి చూపించేవాడు. ఆ ఫొటో తెర మీద పైనుంచి మెల్లగా దిగేది. ముందు తలపాగా, తర్వాత కళ్ళు, ఆఖరికి నవ్వు.

చివరికి దానికే బేరం వచ్చింది. హైదరాబాదులో కొత్తగా పెట్టే బిస్కెట్ల కంపెనీ.

"మిగతాయి అట్టుకోమను," అంది సాయిదుర్గ.

"సెప్పానే. ఆలకి అయ్యొద్దంట. సేపలని పేరెడితే సేపలే అమ్మాల. ఇదైతే ఏటైనా అమ్ముకోవచ్చంట. పొట్టిగుంది, నోట్లో ఇట్టే తిరుగుతాది, ఒకపాలి ఇన్నోడు మరిసిపోడంట. కంపెనీ ఆయన దానర్థమేటని అడిగినాడు."

"నువ్వేటన్నావ్?"

మోహన్ కీబోర్డు కేసి చూశాడు. "ఏటీ లేదన్నాను. 'అదే మాక్కావాలండీ, ఖాళీగా ఉన్న పేరైతే మేం చెప్పిందే దాని అర్థమవుతుంది' అన్నాడు."



సెంటరు యజమాని దాన్ని అమ్మేసి వెళ్ళిపోతున్నాడు. ఈ బేరం కుదిరితే మోహన్ దాన్ని తీసుకోగలడు. లేకపోతే చిన్నాన్న సూరన్న బోటెక్కాలి.

"నాను సంద్రంలోకెల్తే అమ్మ బతకదే," అన్నాడు మోహన్. "మాట నీది. నువ్వొద్దంటే ఒగ్గేత్తాను."

"ఇచ్చెయ్ అన్నియ్యా."

"అమ్మకి సెప్పొద్దేటి?"

"కంప్యూటర్లో ఉన్నది అమ్మకేటి తెలుస్తాది?"

ఆ పేరు ఎప్పటికీ కంప్యూటర్లోనే ఉంటుందనుకుంది సాయిదుర్గ. ఆ సాయంత్రం ఫొటోను చివరిసారి దిగనిచ్చి, నవ్వు దాకా వచ్చాక లేచింది.

మోహన్ సెంటరు బోర్డుకు కొత్త రంగు వేయించాడు. పోతమ్మ చాలాకాలం తర్వాత కడుపునిండా తింది.

వానలు తగ్గాక ఒక పొద్దున పోతమ్మ గుమ్మం ముందు చేపలకు ఉప్పు పట్టిస్తోంది. ఎదుటి కొట్టు దగ్గర ఎవరి పిల్లో, తల్లి కొంగు లాగుతూ గుక్కపట్టి అరిచింది.

"జిలోమా! జిలోమా!"

పోతమ్మ ఉప్పుచేతులతోనే లేచింది. వెనక్కి తిరిగి చూడలేదు. గంప అందుకుని ఇసుకలోకి పరుగు తీసింది. దారిలో ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఎవరూ నవ్వలేదు. కొట్టులో వేలాడుతున్న ఎర్రటి బిస్కెట్ పొట్లాల దండ మీద ఆ పేరు చూసి సాయిదుర్గ తల్లి వెనకే పరుగెత్తింది.

పోతమ్మ మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఎవలు సూసినారే? ఏ పక్కనుంచొత్తంది?"

"అమ్మా... అది బిస్కెట్టు పేరే. రాయే, ఇంటికెల్దాం."

పోతమ్మ వినలేదు. గంప చంకకు ఎత్తుకుని ఇంకో అడుగు ముందుకు వేసింది. "దూరంగున్నట్టున్నాడు. నువ్వోపాలి పిలువే. నీ మాటే గదా. నీ గొంతైతే ఇంటాడు."

సాయిదుర్గ తల్లి రెక్క గట్టిగా పట్టుకుని నోరు తెరిచింది. ఆ పేరు మాత్రం రాలేదు.