పెసరపప్పు మొలిచిన డబ్బా

నేను ఒక పెరుగు డబ్బాను. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, పెరుగు మోసింది రెండే రోజులు. ఎవరో ఊడ్చుకుతిని పారేస్తే, విజయనగరంలో ఓ నర్సరీ బడి ఆయా నూకాలమ్మ నన్ను కడిగి, అడుగున మేకుతో చిల్లు పొడిచి, కిటికీ గట్టు మీద పెట్టింది. వేపపూత రాలే రోజులవి. నాలో మట్టి పోసి, పైన ‘పూర్ణ’ అని పేరు అంటించారు. పారేసిన డబ్బాకి పేరు దొరకడమంటే మాటలా!

మొక్కలు పెంచడానికి పిల్లలంతా ఇంటినుంచి పెసలు తెచ్చారు. నాలుగేళ్ల పూర్ణ మరిచిపోయి ఏడుపు లంకించుకుంది. అరుంధతి టీచర్ వంటగదిలో చూడమంటే నూకాలమ్మ గుప్పెడు పెసరపప్పు తెచ్చింది.

“ఇదే ఉందమ్మా. పప్పెక్కడ మొలుస్తాది?” అని గొణిగింది కూడా.

టీచర్‌కి తెలియక కాదు. ఆ పూటకి ఏడుపు ఆగితే చాలనుకుని పప్పునే నాలో పాతించింది.

మూడోనాటికి నేను తప్ప అన్ని డబ్బాలూ పచ్చబడ్డాయి. పూర్ణ రోజూ నీళ్లు పోసి, నా అంచుకి చెవి ఆనించి, “లెగమ్మా, అందరూ లెగిసిపోనారు” అని బతిమాలేది. లోపల పప్పు కుళ్లిపోతోందని నాకు తెలుసు. చెప్పే నోరు లేదు.

తల్లిదండ్రులు చూడటానికి వచ్చే ముందురోజు, పిల్లలు వెళ్లిపోయాక, టీచర్ నా పక్కనున్న హేమంత్ అనే పిల్లాడి డబ్బాలోంచి రెండు మొక్కలు పీకి నాలో గుచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషమే వేసింది. మర్నాడు ముందు వరసలో నిలబడ్డాను, పూర్ణతో ఫొటో కూడా దిగాను. టీచర్ మాత్రం మా వైపు చూడలేదు.

అంతటితో పోతే బాగుండేది. సోమవారం పూర్ణ ఇంటినుంచి పెసరపప్పు పొట్లం తెచ్చి, తోటిపిల్లలందరికీ చిటికెడేసి పంచింది.

“ఇదెయ్యండి. లేటుగా లెగుస్తాది గానీ తప్పకుండా లెగుస్తాది. నాది చూడండి!”

అందరూ నన్నే చూశారు. మూత ఉంటే వేసుకునేదాన్ని. అదెప్పుడో చెత్తలో పోయింది.

టీచర్ వచ్చి నేలమీద చతికిలబడింది. “పప్పు మొలవదు పూర్ణా. అవి హేమంత్ మొక్కలు. నేనే పీకి పెట్టాను. తప్పు చేశానమ్మా.”

పూర్ణ ఏడవలేదు. రెండు మొక్కల్నీ మట్టితో సహా తీసి హేమంత్ డబ్బాలో పెట్టేసింది. టీచర్ పెసలు ఇస్తే ఒక్కొక్కటీ తిప్పి చూసి, “ఇవి నిజమైనవేనా టీచర్?” అని అడిగింది.

ఇప్పుడు నాలో ఉన్నది పూర్ణ వేసిన మొక్కే, నాలుగాకులు వేసింది. అయినా ఆ పిల్ల నీళ్లు పోసే ముందు రోజూ వేలితో మట్టి గెలికి, వేరు ఉందో లేదో చూసుకుంటుంది. ఆ కాసేపూ, ఇటు నేను, అటు బల్ల దగ్గర అరుంధతి టీచర్, ఇద్దరం తలెత్తలేం.