ఏ చేతి మూర

కుడిదే చాపాలంటే, ఆ చెయ్యి నిజంగా తనదేనా? చిన్నప్పుడు కురుచికుప్పం ఒడ్డున పడవ మీంచి పడి విరిగితే, ఎవరో కట్టు కట్టి వంకరగా అతికించిన చెయ్యి. ఎడమదానికన్నా రెండు వేళ్ల మందం పొట్టి. అయినా అన్నం తినేది దానితోనే, తాళి కట్టింది దానితోనే, కాలువకు అవతల ఫ్రెంచి దొరల ఆఫీసులో కట్టడాల పటాలు గీసేదీ దానితోనే. ఎడమది బారుగా, తీరుగా ఉంటుంది, కానీ ఏ పనీ ఎరగదు. ఇంతకీ ఈ రెండింటిలో సుబ్బరాయన్ అనేవాడు ఏది?

"సామీ, చెయ్యి చాపితే మూరకోల కోసేస్తా. ఎండ ఎక్కతా ఉంది," అన్నాడు చెంగల్రాయన్ మేస్త్రి, వెదురుబద్ద పట్టుకుని.

ముత్తియాల్‌పేటలో సుబ్బరాయన్ ఇల్లు కట్టబోయే ఖాళీ జాగాను నిన్ననే చదును చేశారు. ఇంటి యజమాని మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఒక మూర. గోడల పొడుగు, గదుల వెడల్పు, వాకిలి ఎత్తు, అన్నీ ఆ మూర లెక్కనే. బద్ద కోశాక ఇక మార్చడమంటూ ఉండదు.

"ఎడమది ఇయ్యండి," అంది భార్య కనకం గొంతు తగ్గించి. "వాకిలి పొట్టిదైతే వచ్చేవాళ్లంతా తల కొట్టుకుంటారు. ఏల ఇంత పొట్టి అని అడిగితే నేనేం చెప్పాల?"

ఆ మాట మేనత్త అంబుజం చెవిన పడనే పడింది. "ఏందే, మొగోడు ఎడంచేత్తో ఇల్లు కడతాడా? ఆ చెయ్యి పొద్దున్నే యాడికి పోతాదో నేను చెప్పాల్నా?"

మేస్త్రి నవ్వు ఆపుకోలేక తలగుడ్డ సర్దుకున్నాడు. "అందరికీ కుడిదే కొలిచినా. రెండూ సమంగా ఉంటే ఎవురడగతారు? ఇట్లాంటిదానికి ఏం చెయ్యాల్నో నాకూ తెలీదు సామీ."

"మీటరుతో కొలువు, మేస్త్రీ. ఆఫీసులో అన్నీ దాంతోనే," అన్నాడు సుబ్బరాయన్, తప్పించుకునే దారి దొరికినట్టు.

"ఆ మీటరు ఎవురి చెయ్యి?" అంది కనకం.

"ఎవరిదీ కాదు."

"ఎవురిదీ కాని ఇంట్లో నాకేం పని?"

ఆఫీసులో పటం గీసేటప్పుడు అతను ఏనాడూ ఇంత తటపటాయించింది లేదు. ఆ గీతల్లో మనిషి లేడు కాబట్టేనేమో. ఎడమది చాపితే నిటారైన ఇల్లు లేస్తుంది. అందులో ఉండాల్సినవాడు పడవ మీంచి పడని పిల్లవాడు. తను అక్కడ అద్దెకున్నవాడే అవుతాడు. కుడిది చాపితే, ఇన్నాళ్లూ చొక్కా కింద దాచిన వంకర ప్రతి గోడలోనూ నిలబడుతుంది. కనకం రోజూ ఆ గోడల మధ్యే తిరుగుతుంది. రెండూ భయంగానే ఉన్నాయి. మళ్లీ చూస్తే రెండూ ఏమీ కావు, వట్టి వెదురుబద్ద. ఇంతకీ పొట్టి వాకిలికి సిగ్గుపడేది కనకమా, తనా?

తలెత్తి చూశాడు. కనకం అతని చేతుల వంక చూడటం లేదు, ముఖంలోకే చూస్తోంది. ఆ చూపుకు అర్థం జాలో, విసుగో, రెండూ కాదో. మనసు మరింత చిక్కుపడింది.

"సామీ..." అన్నాడు మేస్త్రి.

ఎందుకో తనకే తెలియకుండా సుబ్బరాయన్ మణికట్టు దగ్గర గుండీ విప్పాడు. కుడిచేతి చొక్కాను మోచెయ్యి దాటేదాకా పైకి లాగి, ఆ చేతిని వెదురుబద్ద మీద ఆనించాడు.